కాడను పట్టుకున్న తీరు

గునుపురం దాటి, వంశధార ఇసుక దిగి,
బస్సు మలుపు తిరిగేసరికి
మడిచెక్కలన్నీ పసుపు.
కిటికీ సీటు మనిషికి అదంతా ఒకటే ఆవచేను.
మొదటి ఏడు నాకూ అంతే.

విత్తనాల ఆఫీసులో నా పని
కల్తీమొక్కను పట్టి పీకించడం.
చేతిలో భూతద్దం, సంచిలో రిజిస్టరు,
బుర్రలో పరీక్ష కోసం బట్టీపట్టిన లాటిన్ పేర్లు.
సుంబరి చేనిగట్టున నిలబడి
పుష్యమాసపు చలిలో చెమట తుడుచుకున్నాను.

నాలుగు రేకులు ఎదురెదురుగా, అన్నిటికీ.
ఆరు కేసరాలు, నాలుగు పొడుగు, రెండు పొట్టి,
అన్నిటికీ.
ఒకే ఇంటిపేరువాళ్లు ఒకే బంతిలో కూర్చుంటే
వడ్డించేవాడు ఎవరిని ఏమని పిలవాలి?

సుంబరి చుట్ట ఆర్పి నవ్వింది.
"పువ్వునడిగితే అబద్ధమాడతాది అమ్మీ,
ఆకునడుగు.
కాడని ఎలాగ పట్టుకుందో చూడు."

వంగాను.
తోరియా ఆకు రెండు చెవులు చాపి
కాడను చుట్టేసుకుంది,
సంతలో తల్లి కొంగు వదలని పిల్లలా.
ఆవాకు అలా కాదు.
అప్పడగడానికొచ్చినవాడు గుమ్మం ఇవతలే ఆగినట్టు
తొడిమంత దూరంలో నిలబడింది.

ఇంకొకటి, కాండం అడుగున
మూడురోజుల గడ్డంలా గరుకు.
ఇంకొకటి, కాయ కణుపులు కణుపులుగా
పూసలదండ. ఎండితే విరుగుతుంది, పగలదు.
అడవిముల్లంగి. రేకుల మీద సన్నటి నరాలు,
పొద్దుకి అడ్డం పట్టి చూస్తే గాని కనబడవు.
ఎక్కడి గోతాల్లో దాక్కుని
ఎన్ని రైళ్లు మారి వచ్చాయో ఇవి.

సుంబరికి ఒక్కోదానికీ ఒక్కో సవర పేరుంది.
చెప్పింది, రెండుసార్లు, నిదానంగా.
నా రిజిస్టరులో గడి ఒకటే:
ఇతరములు.

గట్టు మీద కుక్కవామింట.
అదీ పసుపే, అదీ నాలుగు రేకులే.
ముట్టుకుంటే వేళ్లకి జిగురు, ఘాటు వాసన.
"ఇది వేరే కులం కదా?" అన్నాను,
నేర్చుకున్నానన్న మిడిసిపాటుతో.
"వేరేదే. అయినా తాలింపులో
చిటపటమంటాది, మా ఇంట్లో ఇదీ ఆవే."
నా పుస్తకంలో చుట్టరికం కేసరాల లెక్క.
ఆమెకి మూకుట్లో చప్పుడు.

ఆ పక్కన ముళ్లతో బలురక్కసి.
దాని దగ్గర మాత్రం నవ్వలేదు.
కొడవలి మొనతో గీరి
పసుపుపాలు కారడం చూపించింది.
ఏ పోలికా లేదు, ఆకులో, పువ్వులో, కాయలో.
గింజ ఒక్కటే, నల్లగా, గుండ్రంగా,
ఆవగింజ పక్కన ఆవగింజలా.

ఆమె అక్క పేరు జమ్మి.
ఆ ఏడు నూనె చవగ్గా దొరికింది.
ముందు పాదాలు వాచాయి, తర్వాత పిక్కలు,
వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది.
కడియం కోసి తీశారు.
సుంబరి అంతకంటే చెప్పలేదు.
అప్పట్నించి ఇంటికొచ్చిన ప్రతి సేరునీ
చేటలో పోసి, దీపం దగ్గర, వేలికొసతో.
నున్నగా దొర్లేది ఆవ.
గుంటలు గుంటలుగా గోరుకి తగిలేది
పొయ్యిలోకి.
నా భూతద్దం సంచిలోకి జారవిడిచాను.

సాయంత్రానికి పీకినవి లెక్కపెట్టాం.
పదకొండు అని రాశాను. పీకింది పది.

పదకొండోది చేను నడుమ ఇంకా నిలబడే ఉంది.
మళ్లీ వంగాను, సుంబరీ వంగింది,
రెండు తలలు తగిలాయి.
ఆకు కాడను ఒక చెవితో పట్టుకుంది,
రెండో చెవి పట్టుకోలేదు.
తోరియాయా? ఆవా?
పక్కపక్క మళ్లలో పూసినప్పుడు
తేనెటీగ ఏ గట్టునీ అడగదు కదా.

"ఏటిది?" అన్నాను, ఆమె మాటలోనే.
చాలాసేపు చూసింది.
ఆకును తిప్పింది, వాసన చూసింది,
కొంచెం కొరికి ఉమ్మింది.
"తెలీదు.
ఉండనీ. కాయ కాసినాక చూద్దారి."

ఆఖరి బస్సు హారన్ కొడుతోంది.
రిజిస్టరు మూసేశాను.